అడవికి పోసిన చక్కెర

మా షడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి మొగుడు, స్వీడన్ అడవిలో పనికి కుదిరాడని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. నేనిక్కడ కువైట్‌లోని వఫ్రాలో ఇసుకకు పెంట ఎరువు మేపి ఖియార్, అదే కీరదోస, పండిస్తుంటే అయ్యగారు నల్లమట్టిలో బూట్లేసుకుని తిరుగుతున్నాడు. ఆ మట్టిని చూస్తేనే కడుపు మండేది.

ఒక శుక్రవారం వీడియో కాల్ చేశాడు. అడవిని తాళ్లతో మడులుగా విడగొట్టారు. ఒక మడిలో యూరియా, ఇంకో మడిలో సంచులకొద్దీ చక్కెర!

"గిదేందిరా, చెట్లకు చాయ్ పోస్తున్నరా?"

"మట్టిల కార్బన్, నత్రజని మార్చి చూస్తున్నరన్నా. పెద్ద సార్ల ప్రయోగం. ఎందుకంటే..."

"నాకెర్కే తియ్," అని ఫోన్ పెట్టేశాను. ఎరుక లేదు. అడిగితే నా పదేళ్ల సేద్యం వాడి ముందు చిన్నబోతుందని భయం.

అప్పుడే మా కఫీల్, అంటే నన్ను పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని, ఒక గ్రీన్‌హౌస్ పూర్తిగా నాకే అప్పగించాడు. బాగా కాస్తే అది నా చేతిలోనే ఉంటుంది. పాడైతే మేకలు కాయడానికి పంపుతాడు, ఖలాస్. వాడి అడవి కంటే నా తోట ఏపుగా పెరగాలని, చాయ్‌కి తెచ్చుకున్న చక్కెర బస్తా మొత్తం మళ్లలో చల్లి నీళ్లు పెట్టాను.

పది రోజుల్లో ఆకులు పసుపెక్కాయి. కఫీల్ వచ్చి "షినూ హాదా?" అన్నాడు. ఇదేమిటని అడగడం. వారం గడువిచ్చి పోయాడు. ఇక సిగ్గు చంపుకుని షడ్డకుడికే ఫోన్ చేశాను.

"అయ్యో అన్నా! చక్కెర ఏస్తే మట్టిల సూక్ష్మజీవులు బలిసి నత్రజనంత అవే మింగుతయి. మేము చెట్లను పస్తుంచి చూసెతందుకే ఏస్తున్నం."

వాడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టి పెట్టేసేవాణ్ని. యూరియా నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా ఎలా ఇవ్వాలో ఓపిగ్గా చెప్పాడు. వారానికి కొత్త ఆకు పచ్చగా వచ్చింది. తర్వాత కాయలూ దిగాయి. కఫీల్ భుజం తట్టాడు. ఆ కాయల ఫొటో వాడికొక్కడికే పంపాను.

మర్నాడు నా భార్య ఫోన్ చేసింది. "మరిది నీ ఖియార్ ఫొటో మనోళ్ల గ్రూపుల పెట్టిండు. మట్టి సంగతి మా అన్ననే అడగాలె అని రాసిండు. ఎంత మురిసిపోతున్నడో!"

చక్కెర ముచ్చట ఎవరికీ చెప్పలేదన్నమాట. నల్లమట్టీ వాడికే, మంచి బుద్ధీ వాడికేనా?

"అవ్, నన్నే అడగాలె," అన్నాను. కడుపు ఇంకా మండుతూనే ఉంది.