గని బావి నీళ్ళు

ఆ ఉదయం కూడా దేవుడికి దీపం పెట్టి వచ్చి, చెల్లిని బావిగట్టు మీద కూర్చోబెట్టి, ఉప్పూ బొగ్గుపొడీ కలిపి దాని పళ్ళు నేనే తోమాను. చిగుళ్ళ నుంచి నెత్తురొచ్చింది కానీ గోధుమరంగు మచ్చలు పోలేదు.

"రోజూ తోముకుంటన్నానక్కా, ఒట్టు!"

"అబద్ధాలాడకు. నోరు తెరువు."

నిన్న మన గని కాలనీ పిల్లల వాట్సాప్ గ్రూపులో ఎవరో మూతబడిన ఆ గని ఫొటో పెట్టారు. గుంత నిండా పచ్చటి నీళ్ళు. ఎంత బాగుందో అన్నారు మీరంతా. గుర్తుందా, నల్లరాతి పగుళ్ళలో చారలు చారలుగా దొరికే ఊదారంగు ఫ్లోరైట్? మన నాన్నలు తవ్వి పంపితే, ఉక్కు కరిగేచోట మడ్డి పలచబడడానికి వేసేవారు. మనం దాని ముక్కలతో అచ్చనగాయలాడేవాళ్ళం.

అలా పళ్ళు తోమిన ఆ రోజే చెల్లిని భిలాయిలో పళ్ళ డాక్టరుకి చూపించాం. "ఇది మురికి కాదు బేటీ. మీ గనిలోని ఆ ఫ్లోరైట్ రాయి మీ బావినీళ్ళలో కరుగుతోంది. ఏ పిల్లలకీ ఆ నీళ్ళు పట్టకండి," అన్నాడాయన.

సాయంత్రం సెక్టర్ 7లో, పిన్ని ఇంట్లో కూర్చున్నాం.

"మనం ఈడికి వచ్చీసినా, కాలనీలో మిగతా ఆళ్ళ పిల్లల మాటేటి? సెప్పొద్దా?" అంది అమ్మ.

"సెప్తే బావితోపాటు గనీ మూసేత్తారు. నా ఉద్యోగం ఏటవ్వాల?" అన్నాడు నాన్న.

అమ్మా మేమూ భిలాయిలో ఉండాలని, నాన్న గనిలోనే ఉండాలని, బావి సంగతి మీ ఇళ్ళలో ఎవరికీ చెప్పకూడదని ఆ సాయంత్రం నిర్ణయించాం. నేనూ సరేనన్నాను.