సగం పియాలా, సగం మరమ్మతు

ఎసెన్‌కుల్ మొదలుపెట్టిన మరమ్మతు ఏదీ పూర్తి చేయడు. బుర్మకాన్ ఇంట్లో ఇందుకు సాక్ష్యాలకు కొదవ లేదు. ఆయన చేయి పడ్డాక ఆమె రేడియో పాటలు పాడేది గాని వార్తలు చెప్పేది కాదు. ఇస్త్రీపెట్టె చక్కగా వేడెక్కేది, చల్లారడం మాత్రం మరిచిపోయింది. టెలిఫోన్ ఎక్స్చేంజిలో రిటైరైన ఆ పెద్దమనిషి సంచి సర్దుకుంటూ, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులా గొంతు తగ్గించి, "ప్రాణానికి భయం లేదు చెల్లెమ్మా. మిగతాది వచ్చే గురువారం చూద్దాం" అంటాడు.

ఆయన చేత ఒకే ఒక్కసారి పట్టుబట్టి పని పూర్తి చేయించింది బుర్మకాన్. అది తలుచుకుంటే ఈనాటికీ ఆమెకు టీ సహించదు.

కొచ్కోర్ ఊళ్ళో ఆమె షిర్దక్‌లు కుడుతుంది. రెండు రంగుల మందపాటి ఉన్ని ఒకదాని మీద ఒకటి పరిచి, ఒకే కోతలో పొట్టేలుకొమ్ముల నమూనా కోసి, దీని ముక్క దాంట్లో, దాని ముక్క దీంట్లో పొదిగి కుడితే తివాచీలు రెండవుతాయి. భర్త పోయాక, ఆ రేడియో కాక, ఆ ఇంట్లో చప్పుడు చేసేది కత్తి ఒక్కటే. ఆ చలికాలం ఓష్ నగరంలోని ఒక చేతిపనుల బడివాళ్ళు సోమవారం సోమవారం తెర మీద పాఠం చెప్పమన్నారు. మాట్లాడేటప్పుడు ముఖం కనపడాలి, కోసేటప్పుడు చేతులు కనపడాలి. అది కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు.

ఆమె దగ్గర ముందొక కెమెరా, వెనకొక కెమెరా ఉన్న పాత టాబ్లెట్ ఉంది. అది తెరుచుకునేలోపు గొర్రెపిల్ల గొర్రె అయ్యేట్టుందని ఎసెన్‌కుల్ దానికి లినక్స్ ఎక్కించాడు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, ఎవరైనా విప్పి చూసుకోండని ఊరికే పంచిపెట్టే సాఫ్ట్‌వేరది. టాబ్లెట్ లేచి గుర్రప్పిల్లలా పరుగందుకుంది. కెమెరాలకు మాత్రం రెంటికీ చూపు పోయింది.

మొదటి గురువారం ఆయన నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు దొర్లిస్తూ, నూనెలో వేయించిన పిండి బోర్సోక్‌లు నములుతూ పూటంతా విచారణ జరిపాడు. చివరికి తీర్పు చెప్పాడు. "లోపల ఇద్దరూ క్షేమమే. ఒకటో నంబరు నేనంటే నేనని కొట్టుకుంటున్నారు."

తర్వాతి గురువారం ముందు కెమెరా కళ్ళు తెరిచింది. అందులో బుర్మకాన్ గబ్బిలంలా తలకిందులుగా వేలాడింది. ఆ పై వారం నిటారుగా నిలబడింది. ఆ పై వారం వెనక కెమెరా మేలుకుంది, ముందుది నిద్రపోయింది.

"ఒక వంటింట్లో ఇద్దరు కోడళ్ళు," అన్నాడు ఎసెన్‌కుల్ గంభీరంగా. "ఒకరొస్తే ఒకరు బయటికి. తొందరపడితే ఇద్దరూ పుట్టింటికి పోతారు."

"పాఠం సోమవారమేనన్నా."

"గురువారం తరవాతే కదా సోమవారం వచ్చేది."

అది మొదటి పాఠానికి ముందు ఆఖరి గురువారం. బుర్మకాన్‌కు ఒళ్ళు మండింది. పాఠం చేజారితే మళ్ళీ తనూ కత్తీ మిగులుతారు. తిట్టడం కన్నా ఘోరమైన పని చేసింది. టీ పియాలాను అంచుదాకా నింపి ఆయన ముందు పెట్టింది.

ఆ ఊళ్ళో అతిథికి సగం కన్నా తక్కువే పోస్తారు. తాగేకొద్దీ పోస్తూ ఇంకాస్సేపు కూర్చోబెట్టుకోవచ్చని. నిండుగా పోశారంటే ఇది తాగి ఇక లేవమని.

ఎసెన్‌కుల్ నిండు పియాలా కేసి చూశాడు. తుపాకీ పేలినా తొణకని ఆ పెద్దమనిషి రెండు క్షణాలు నమలడం ఆపాడు. తరవాత టాబ్లెట్ దగ్గరికి లాక్కుని నాలుగు వరసల అక్షరాలు కొట్టాడు. మీట నొక్కితే ముఖం, మళ్ళీ నొక్కితే చేతులు. అంతటితో ఆగక రేడియో విప్పాడు, ఇస్త్రీపెట్టె విప్పాడు. అన్నీ ముగిసేసరికి టీ ఇంకా గోరువెచ్చగానే ఉంది. చుక్క మిగల్చకుండా తాగి లేచాడు.

"పాఠం బాగా చెప్పు చెల్లెమ్మా," అన్నాడు. గురువారం ఊసెత్తలేదు.

పాఠం బ్రహ్మాండంగా జరిగింది. ఓష్ పిల్లలు ఆమె ముఖమూ చూశారు, చేతులూ చూశారు. ఆ గురువారం ఆమె బోర్సోక్‌లు వేయించి గుమ్మం కేసి చూస్తూ కూర్చుంది. ఎవరూ రాలేదు. రేడియో ప్రపంచం నలుమూలల వార్తలూ తు.చ. తప్పకుండా చెప్పింది. వాటిని అడ్డంగా ఖండించడానికి మాత్రం ఎదుట ఎవరూ లేరు. తరవాతి గురువారమూ అంతే.

మూడోసారి మిగిలిన బోర్సోక్‌లు పొరుగింటి గుల్సున్‌కు ఇచ్చింది. గుల్సున్ ఇల్లు పిల్లలతో, మరుదులతో సంత. సగం సగం పనులు చేసే మనిషి మీద కోపం రాక ఏం చేస్తుందని బుర్మకాన్ ఆమె ముందు తన తప్పు తానే సమర్థించుకుంది.

"సగమేంటక్కా?" అంది గుల్సున్. "మా టీవీ, వాషింగ్ మిషను, మావాళ్ళ ఫోన్లు ఒక్క పూటలో బాగుచేసి పోయాడు. టీకి కూర్చోమంటే, మీ ఇంట్లో నాకు చోటెక్కడిదమ్మా అన్నాడు."

"మరి ఆయన బాగుచేసిన తోకోన్ తాత గడియారం? ఏడాదిగా దానికి ఒక్క ముల్లే తిరుగుతోందే."

"తోకోన్ తాత ఇంట్లో తాత తప్ప ఎవరున్నారక్కా?"

బుర్మకాన్ ఇంటికొచ్చి చాలాసేపు పియాలాల కేసి చూస్తూ నిలబడింది. క్షమాపణ చెప్పడం ఆమె వంశంలో లేదు. మర్నాడు నల్ల ఉన్ని గోరంత కోసి టాబ్లెట్ వెనక కెమెరా మీద అంటించింది. దానికి మళ్ళీ చూపు పోయిందని కబురంపింది.

గురువారం ఎసెన్‌కుల్ సంచితో దిగాడు. నల్ల తెర తెరిచి తెల్ల అక్షరాలు దొర్లించాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. టాబ్లెట్ తిరగేసి ఉన్ని ముక్క కేసి చాలాసేపు, ఎంతో గౌరవంగా చూశాడు.

"చాలా లోతైన జబ్బు చెల్లెమ్మా."

"నాకూ అలాగే అనిపించిందన్నా."

ఆయన ఉన్ని ముక్కను జాగ్రత్తగా ఊడదీశాడు. కాసేపు ఆలోచించి, తీసుకెళ్ళి ముందు కెమెరా మీద అంటించాడు.

"వెనకది నయమైంది," అన్నాడు. "ముందుదాని సంగతి వచ్చే గురువారం చూద్దాం."

బుర్మకాన్ పియాలాలో అడుగు తడిసేటంత టీ పోసి ఆయనకు అందించింది.