ఓష్‌లో లేదు

మా ఇల్లు తొండుపల్లిలో. విమానాలు మా మిద్దె మీదుగానే పోతాయి కానీ నేను ఎక్కింది మాత్రం మొన్న ఏప్రిల్‌లోనే. కూతురు స్టెల్లా కిర్గిజ్‌స్తాన్‌లో డాక్టరు చదువుతోంది. ఏ ఊళ్లో అని ఎవరైనా అడిగితే "కిర్గిజ్‌ల" అనేదాన్ని. దేశానికొక శంషాబాద్ ఉంటుంది, దిగితే పిల్ల కనిపిస్తుంది అనుకున్నాను. టికెట్లు తమ్ముడు తీశాడు. నేను చదవనైనా లేదు.

ఉదయం ఆరుకు ఆటోలో ఎయిర్‌పోర్టు చేరాను. చెకింగ్ అయ్యాక స్టెల్లాకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. రూమ్‌మేట్‌కు చేశాను. గుంటూరు పిల్ల, మర్యాదగా మాట్లాడుతుంది.

"ఆంటీ, తను ఓష్‌లో లేదండీ. జ్వరంతోనే నిన్న..."

ఫోన్ కట్టయింది. నాకది హోష్‌లో లేదని వినిపించింది. మావైపు హోష్‌లో లేదంటే స్పృహలో లేదని అర్థం. మళ్లీ చేస్తే కలవలేదు, ఢిల్లీలో దిగి చేసినా కలవలేదు. కట్టుకున్న ఇడ్లీలు సంచిలోనే పాడయ్యాయి.

రెండున్నరకు బిష్కెక్ విమానం. పక్క సీట్లో బడంగ్‌పేట్ యాదగిరన్న, తన బిడ్డను చూడ్డానికి రెండోసారి పోతున్నాడు. నేను ఏడుస్తూ చెప్పింది విని టికెట్టు తీసుకుని చూశాడు.

"ఓష్ అంటే ఊరక్కా. నీ బిడ్డ చదివేది గాడనే. మనం దిగే బిష్కెక్ ఉత్తరం దిక్కు, ఓష్ దక్షిణం దిక్కు. నడుమ అన్నీ మంచు గుట్టలే. ఇంకో విమానం మారాలె."

"మరి ఓష్‌ల లేకుంటే యాడున్నట్టన్నా?"

ఆయన టికెట్టు మళ్లీ నా చేతిలో పెట్టాడు. కిటికీ కింద మంచుకొండలు ఎంతసేపటికీ అయిపోలేదు. ఇందులో పిల్ల తప్పిపోతే ఎక్కడని వెతకాలి?

బిష్కెక్‌లో బయటికొస్తే ఎదురుగా స్టెల్లా. ఒళ్లు కాలిపోతోంది.

"నీకు విమానం మారుడు రాదని వచ్చిన మమ్మీ. నాకు ఫ్లైట్ దొరకలే. టాక్సీల పన్నెండు గంటలు. గుట్టల మీద ఫోన్ బందయింది."

పట్టుకుని ఏడ్చాను. రెండు దెబ్బలు కూడా వేశాను.

ఇద్దరం విమానంలో ఓష్ చేరాం, వారం రోజులు అక్కడే ఉన్నాను. తిరుగు ప్రయాణంలో నన్ను దింపడానికి స్టెల్లా టాక్సీలో ఆ రోడ్డు మీదే బిష్కెక్ దాకా వచ్చింది. మూడు వేల మీటర్ల ఎత్తున సొరంగం, దారికి అటూ ఇటూ మంచు, పక్కన లోయ. జ్వరంతో ఒక్కతే ఇటు వచ్చిందా అనుకుని దిగేదాకా దాని చెయ్యి వదల్లేదు. వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పటంలో ఆ దేశం చిన్నదే, కొండలు దాటబోతేనే తెలుస్తుంది ఎంత పెద్దదో. టికెట్టు మీద ఊరి పేరు చదువుకోండి.

నేను విమానం ఎక్కేసరికి ఆమె తిరుగు టాక్సీలో ఉంది. శంషాబాద్‌లో దిగి ఫోన్ తెరిచాను. ఒక్కటే మెసేజ్: "ఓష్‌ల ఉన్న మమ్మీ."

ఆటో ఆయన మా ఊరివాడే. "బిడ్డ ఎట్లుందక్కా?" అన్నాడు.

"ఓష్‌ల ఉంది."

ఆటో నెమ్మది చేసి వెనక్కి చూశాడు. "ఏందక్కా, అంతకుముందు లేకుండెనా?"

"లేకుండె," అన్నాను. "నేను గూడ లేకుంటి."