నూక మాత్రలు

లోగనాయకి పేరెత్తితే నాకు ముందు కోపమే వస్తుంది. ఆమె మీద కాదు, ఆమె నోరు ఎండగట్టి చేతిలో మాత్రలు పోసిన పెద్దమనిషి మీద. ఆ పెద్దమనిషి పుదుచ్చేరి బజారులో ఈనాటికీ దర్జాగా తిరుగుతున్నాడు. కనబడిన వాళ్ళంతా నమస్కారం పెడుతూనే ఉన్నారు. నేను పెట్టను.

లోగనాయకిది లాస్‌పేటలో మా వీధే. తరాల కిందట వచ్చి స్థిరపడిన నాయుళ్ళ ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. చదువు అరవంలో అయిదో తరగతి. తెలుగు అక్షరం చూపిస్తే ముగ్గేమో అనుకునేది. మొగుడు పట్టాభి బజారులో సైకిళ్ళు బాగుచేసే కొట్లో కూలి. ఇద్దరు పిల్లలు. పట్టాభి తెచ్చేది తిండికి సరిపోతే బట్టకు చాలదు. అందుకని తట్టాంచావడిలో వరదరాజులు షెడ్డు తెరిచాడని తెలియగానే ఈమె వెళ్ళి పనిలో చేరింది. అది డెబ్బై ఏడో సంవత్సరం.

వరదరాజులుకు తాతల నాటి మందుల కొట్టు ఉంది. నొప్పి మాత్రలను మద్రాసు నుంచి డబ్బాలకు డబ్బాలు తెప్పించి, వాటిని రేకు పట్టీల్లో పెట్టి అంటించడం ఆ షెడ్డులో పని. మన భాష ఆడవాళ్ళకే పని ఇచ్చానని ప్రతి పెళ్ళిలోనూ చెప్పుకునేవాడు. లోగనాయకికి దూరపు చుట్టం కూడా. మిగతావాళ్ళు అరవంలో మొదలాళి, అంటే యజమాని, అని పిలిస్తే ఈమె మామా అనేది. ఆ పిలుపుకు ఆయన మురిసిపోయేవాడు.

అది రేకు షెడ్డు. పొడి లేస్తుందని ఫ్యాను వేయరు. ఎండాకాలం లోపల కూర్చుంటే ఒళ్ళు ఉడికిపోతుంది. ఆఫీసు గదిని ఆనుకుని ఒక కక్కూసు ఉంది, దానికి తాళం. తనిఖీకి వచ్చే ఆఫీసర్ల కోసమట. తాళంచెవి ఎప్పుడూ మొదలాళి నడుముకే. ఆడవాళ్ళు షెడ్డు వెనక ముళ్ళ పొదల చాటుకు పోయేవాళ్ళు. రెండేళ్ళకు ఆ పొదలు కొట్టేసి అక్కడ ఇంకొకరు ఇనుప పని షెడ్డు వేశారు. నిండా మగవాళ్ళు. ఆ రోజు నుంచి వీళ్ళకు పోవడానికి చోటు లేదు.

చోటు లేకపోతే ఏం చేస్తారు? నీళ్ళు తాగడం మానేశారు. పొద్దున ఇంట్లో ఒక లోటా కాఫీ, మళ్ళీ సాయంత్రం ఇల్లు చేరాకే నీళ్ళు. గొంతు పిడచగట్టుకుపోయేది. మధ్యాహ్నానికి తల పగిలిపోయేది. దానికి మాత్రం షెడ్డులో మందు ఉచితం. పట్టీలో పట్టకుండా విరిగిపోయిన మాత్రలను ఒక పళ్ళెంలో పోసి పెట్టేవాళ్ళు. నూక బియ్యంలా ఉంటాయని వీళ్ళు వాటికి నూక మాత్రలని పేరు పెట్టుకున్నారు. ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండని మొదలాళి ఆజ్ఞ. చూశారా ఎంత ధర్మాత్ముడో! కక్కూసు తలుపు తీయడానికి చేతులు రాలేదు గానీ, మాత్రలు మాత్రం దోసిళ్ళతో పోశాడు.

లోగనాయకి రోజూ నాలుగు మింగేది, ఒక్కోసారి ఆరు. కొంగున కట్టి ఇంటికి తెచ్చేది. నడుము నొప్పికి అత్తకు, పంటినొప్పికి పొరుగింటికి, మోకాలికి నాకూ ఇచ్చింది. డబ్బు పెట్టి కొనవలసినది ఊరికే వస్తుంటే ఎవరు కాదంటారు? వీధి వీధంతా వరదరాజులును దీవించింది.

ఎనభై రెండులో ఆమెకు రంగు పోయింది. నాలుగు బిందెలు నీళ్ళు పడితే ఆయాసం. డొక్కలో పొడుపు. ఒకరోజు ఉచ్చ ఎర్రగా పోయింది. ఒళ్ళు వేడి చేసిందనుకుంది. మా దగ్గర ఏది వచ్చినా ముందు వేడి మీదకే తోసేస్తాం. తలకు ఆముదం పెట్టుకుని స్నానం చేసి, పొడుపు తగ్గాలని ఇంకో రెండు మాత్రలు ఎక్కువ వేసుకుంది. తనను తింటున్నది అదేనని ఆమెకు ఎవరు చెప్పారు గనక! తిన్నది నిలవక వాంతులు పట్టుకున్నాక పట్టాభి సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడ ఒక లేడీ డాక్టరు చూసింది. రక్తం తీయించి, మూత్రం పరీక్ష చేయించి, రోజుకు ఎన్ని మాత్రలు వేసుకుంటావని అడిగింది. లోగనాయకి దాచలేదు. పగలు నీళ్ళెందుకు తాగవని డాక్టరు కసిరింది. ఎందుకో విన్నాక మళ్ళీ కసరలేదు. మెల్లగా విడమరచి చెప్పింది. ఏళ్ళ తరబడి మింగిన ఆ మాత్రలే మూత్రపిండాలను తినేశాయి, దాహం వాటికి సాయం చేసింది. సగం పోయినట్టే. మిగిలిన సగం నిలవాలంటే ఆ మాత్ర ఇక ముట్టకూడదు, పగలంతా నీళ్ళు తాగుతూ ఉండాలి, వచ్చినప్పుడు ఆపుకోకూడదు. లేకపోతే ఆ సగమూ పోతుంది. అప్పుడు మద్రాసు పోయి యంత్రంతో రక్తం కడిగించుకోవాలి, అది నీవల్ల కాదని కూడా చెప్పేసింది.

మాత్ర మానడం ఆమె చేతిలోనే ఉంది. ఆ రోజే మానేసింది. నీళ్ళు తాగడం మాత్రం వరదరాజులు నడుముకున్న తాళంచెవి చేతిలో ఉంది. ఆమె ఆఫీసు గదికి పోయి అంతా చెప్పింది.

"ఒకరికిస్తే అందరూ అడుగుతారమ్మా," అన్నాడాయన. "ఆఫీసర్లు వచ్చే చోటది. ఒంట్లో బాగలేకుంటే ఇంట్లో ఉండిపో. నేనేమీ తప్పుగా అనుకోను."

తప్పుగా అనుకోడట! ఆ మాట నాకు చెప్పినప్పుడు లోగనాయకి ఏడవలేదు, నాకే ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో ఉండిపోతే పిల్లలకు ఎవరు పెడతారు? తట్టాంచావడిలో ఇంకో నాలుగు షెడ్లు తిరిగి అడిగింది. ఆడవాళ్ళకు కక్కూసు ఎక్కడా లేదు. చివరికి తన షెడ్డుకే సీసాతో నీళ్ళు పట్టుకుపోయింది. తాగింది. మధ్యాహ్నం ఆపుకోలేక గోడ చాటుకు పోతే ఇనుప షెడ్డు మగవాళ్ళు ఈలలు వేశారు. మరునాడు సీసా ఇంట్లోనే ఉండిపోయింది.

అప్పుడామె పక్కన కూర్చునే పూంగావనంతో డాక్టరు చెప్పినదంతా చెప్పింది. పూంగావనం అందరిలోకీ పెద్దది. నోట్లో ఉన్న నూక మాత్రను ఉమ్మేసింది. సాయంత్రానికి షెడ్డులో అందరికీ తెలిసింది. పళ్ళెం జోలికి ఎవరూ పోలేదు.

ఏటా ఎండలు ముదిరే చిత్తిరై నెలలో వరదరాజులు బజారులో కొట్టు ముందు నీళ్ళ పందిరి వేయిస్తాడు. దాహంతో వచ్చేవాళ్ళకు చల్లటి నీళ్ళు, మజ్జిగ. అరటి చెట్లు, మైకు, ఊరి పెద్దల చేత ప్రారంభం. ఆ ఏడు నేనూ మజ్జిగకని పోయాను. ఆయన మెడలో దండ పడింది, దాహం తీర్చడాన్ని మించిన ధర్మం లేదని ఎవరో మైకులో చెబుతున్నారు. అప్పుడు వచ్చారు షెడ్డు ఆడవాళ్ళు, పని చీరల్లోనే, వరసగా. లోగనాయకి ముందు. ఒక్కొక్కరూ గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగారు. తాగి, వెళ్ళకుండా పందిట్లోనే కూర్చున్నారు. మొదలాళి ముఖం మాడింది గానీ పెద్దల ముందు ఏమంటాడు? కాసేపటికి లోగనాయకి లేచి ఆయన ముందుకు పోయింది.

"మామా, నీళ్ళు పోసినారు, పుణ్యం మీకు. ఇప్పుడు మేము యాడికి పోవాల?"

గొంతు పెంచలేదు. అయినా మైకు పక్కనే ఉండడంతో బజారు సగం విన్నది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన పళ్ళు కొరుకుతూ ఇళ్ళకు పొమ్మన్నాడు. లోగనాయకి ఇంటికే పోయింది, ఆయన ఇంటికి. కొట్టు వెనకే ఉంది అది. ఆడవాళ్ళంతా హాల్లో బారులు తీరి నిలబడ్డారు. వరదరాజులు భార్య జయమ్మాళ్ వచ్చి ఏమిటిదని అడిగింది. లోగనాయకి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. జయమ్మాళ్ మధ్యలో ఆపింది.

"ఏ మాత్ర?"

చెప్పింది. జయమ్మాళ్ గోడ బీరువా నుంచి ఒక సీసా తెచ్చి చూపించింది. అందులో ఉన్నవి నూక మాత్రలు. ఆమెకు కాళ్ళ నొప్పులు. పారేయడం దేనికని మొగుడే ప్రతి వారం ఇంటికి తెచ్చి ఇస్తున్నాడు. ఆమె ముఖం అప్పటికే పాలిపోయి ఉందని లోగనాయకి తర్వాత నాకు చెప్పింది, తన ముఖం అద్దంలో కనబడినట్టే ఉందట.

జయమ్మాళ్ కొంగు సర్దుకుని పందిట్లోకి వచ్చింది. నలుగురి ముందుకు ఎప్పుడూ రాని మనిషి. మొగుడి ముందు చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇయ్యండి."

ఆయన ఇచ్చాడు. ఆమె దాన్ని లోగనాయకి చేతిలో పెట్టి, సీసా పైకెత్తి అడిగింది. "ఇది నాకు తెచ్చిచ్చేటప్పుడు మీకు తెలుసునా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయనకు తెలియదనే నేనూ నమ్ముతాను. తెలుసుకోవలసిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు, అంతే. ఆ అవసరం లేకుండా బతకగలిగిన వాళ్ళను చూస్తేనే నాకు కడుపు మండుతుంది.

తాళంచెవి షెడ్డులో మేకుకు వేలాడింది. దాని కింద నీళ్ళ కుండ వెలిసింది. లోగనాయకి పగలంతా తాగింది, వచ్చినప్పుడల్లా లేచి పోయింది. ఆసుపత్రిలో పరీక్ష చేసినప్పుడల్లా మిగిలిన సగం అలాగే ఉందన్నారు. ఇప్పటికీ పనికి పోతూనే ఉంది. జయమ్మాళ్‌కు ఆలస్యమైపోయింది. మొగుడు మద్రాసులో యంత్రమూ పెట్టించాడు, ఉన్నదంతా ఖర్చు పెట్టడానికీ సిద్ధపడ్డాడు. ఎనభై నాలుగులో ఆమె పోయింది.

ఏడాది తిరగకుండా షెడ్డు పక్కన ఆడవాళ్ళకు కొత్త కక్కూసులు కట్టించాడు. తెల్ల టైల్స్, నీళ్ళ తొట్టి. గోడలో చలువరాయి: జయమ్మాళ్ జ్ఞాపకార్థం, వరదరాజులు ఉపయం. ఉపయమంటే దానం. ప్రారంభం నాడు కొబ్బరికాయ కొట్టి ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. జాలి పడదామని చూశాను. పక్కనే ఆయన షెడ్డులో ఆ పూట కూడా అవే మాత్రలను పట్టీల్లో అంటిస్తున్నారు. ఆ మందును సర్కారు ఆపేదాకా ఆయన ఆపలేదు.

లోగనాయకి ఆ రాయి ముందు నిలబడి, అరవ అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. చదివి ఆయన వైపు తిరిగింది.

"అత్త పేరు బాగానే వేయించినారు మామా. కింద ఆ మాత్ర పేరు కూడా వేయించండి."

ఆయన వేయించలేదు. లోగనాయకి షెడ్డులో కుండలోంచి ఒక గ్లాసు నీళ్ళు ముంచుకొచ్చి ఆ రాయి ముందే నిలబడి తాగింది, ఆయన చూస్తుండగా.