గట్లమడుగు గడి స్తంభాల మీది ఆకు

మా ముత్తాత నరసింగరావు దేశ్‌ముఖ్ ఇరవై ఊళ్ళ మీద పన్ను వసూలు చేసేవారు. మా తాత రంగారావు గుర్రం దిగకుండానే తగవులు తీర్చేవారని చెబుతారు. నేను మంచిర్యాలలో అద్దె ఇంట్లో ఉంటున్నాను.

గట్లమడుగులోని మా పాత గడిని, అంటే కోటలాంటి దొరల ఇంటిని, పంచాయతీ బాగుచేయించి, చూసేవారికి తెరుస్తోంది. "బోర్డు రాయిస్తున్నం. కట్టినోళ్ళ పేర్లు మీరే చెప్పాలె" అని సర్పంచ్ ఫోన్ చేశారు. ముందరి స్తంభాల కోసం ముత్తాత ఇటలీ నుంచి మేస్త్రిని రప్పించారన్నది మాకు ఉగ్గుపాలతో పోసిన మాట. అది బోర్డుకెక్కాలని బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు ప్యాసింజర్ ఎక్కి పెద్దపల్లిలో దిగాను. ఎనిమిదింటికి మంథని బస్సు. సీటు లేక నిలబడ్డాను.

"జర జరుగుత, కూసో బాపూ" అంది మిర్చి ఏరడానికి పోతున్న ఒకామె. అక్కర్లేదన్నాను.

"పైసలు పెట్టినోడివి నువ్వే, నిలవడ్డోడివీ నువ్వేనా? మాది ఆడోళ్ళ జీరో టికెట్, మేం కూసున్నం!"

బస్సంతా నవ్వింది. కూర్చున్నాను.

మంథనిలో ఇడ్లీ తిని, షేర్ ఆటోలో పదిన్నరకు గట్లమడుగు చేరాను. గడి ముందువైపంతా ఐరోపా పద్ధతి: ఎనిమిది గుండ్రటి తెల్ల స్తంభాలు, వాటి తలల మీద ఆకుల గుత్తులు, అర్ధచంద్రాల్లాంటి తోరణాలు. గడప దాటితే మన ఇల్లే: నాలుగువైపులా టేకు దూలాల వసారా, నడుమ ఆకాశం.

లచ్చవ్వ అనే పూత మేస్త్రి పరంజా మీద కూర్చుని, విరిగిన ఆకులకు సున్నం పెడుతోంది. కింద బోర్డు రాసే పెయింటర్ బ్రష్ పట్టుకుని నిలబడ్డాడు.

"స్తంభాలు కట్టింది ఇటలీ మేస్త్రి అని రాయి" అన్నాను.

"ఆయన పేరేంది సార్?" అన్నాడు పెయింటర్.

నాకు తెలియదు. ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పైనుంచి లచ్చవ్వ అందుకుంది. "గవి కట్టింది మా తాత రాజలింగు. బొగ్గు తీరు నల్లగుంటుండె. మీరు తెల్లోణ్ణి చేసిన్రా సారూ!"

ఒళ్ళు మండింది. "రుజువేది?"

"పైకెక్కుండ్రి."

ఎక్కాను. ఆమె బకెట్లోంచి పచ్చి మోదుగాకు తీసి, తడి సున్నానికి ఒత్తి, మెల్లగా ఒలిచింది. ఈనెలన్నీ అచ్చుపడ్డాయి. నా వేలు పట్టుకుని పక్కనున్న పాత ఆకు మీద జరిపింది. అవే ఈనెలు, అదే మూడాకుల గుత్తి.

"ఇటలీల మోదుగు చెట్లున్నయా? గీ విస్తరిల ఎన్నడూ బువ్వ తినలేదా?"

తిన్నాను. మా ఇంటి ప్రతి పెళ్ళిలోనూ తిన్నాను. ఈ స్తంభాల కిందే పెరిగి, ఆ ఆకును గుర్తుపట్టలేదు.

"సర్పంచ్ మీ మాటే రాయిస్తడట సారూ" అంది లచ్చవ్వ, ఈసారి గొంతు తగ్గించి. "నా మాట పనికిరాదట."

కిందికి దిగి పెయింటర్‌తో చెప్పాను. "స్తంభాలు కట్టింది మేస్త్రి రాజలింగు. గడి కట్టించింది నరసింగరావు దేశ్‌ముఖ్."

"దొర పేరు పెద్దగ రాయాల్నా?"

"రెండూ ఒక్క తీరుగ ఉండాలి. రాజలింగు పేరు ముందు."

లచ్చవ్వ చేతులు కడుక్కుని వచ్చింది. "తిందాం రాండ్రి. ఇయ్యాల ఆకు చూసి తినుండ్రి." పనివాళ్ళతో పాటు వసారాలో కూర్చుని మోదుగ విస్తరిలో పప్పుచారు అన్నం తిన్నాను.

వెళ్ళాలనుకునేవారు పరంజా తీసేలోపే వెళ్ళండి, ఆకు ఒత్తడం దగ్గరనుంచి చూడవచ్చు. తిరుగు ఆటో నాలుగింటికి. పెద్దపల్లి బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. వేలిగోటి కింద సున్నం ఇంకా తెల్లగానే ఉంది.

గడి అమ్మేముందు మా నాయన టేకు తలుపులు, బెల్జియం అద్దాలు, దీపాల గుత్తులు విడివిడిగా అమ్మారు. స్తంభాలకు బేరం రాలేదు.