గుర్తులు చెప్పనిదే సామాను ఇవ్వబడదు

మా స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చివర, మంచినీళ్ల కుళాయి పక్కన, పోయిన సామాన్ల గది ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ గదికి గుమాస్తా మా బావ. ఊళ్లో అందరికీ గుర్తుల బాబాయి. గుర్తులు చెప్పనిదే చేతిరుమాలు కూడా ఇవ్వడు గనక ఆ పేరు. ఆ మాటే తలుపు మీద ఎర్ర రంగుతో తన చేత్తో రాసుకున్నాడు.

ఒకసారి స్టేషన్ మాస్టరుగారే గొడుగు పోగొట్టుకుని వచ్చారు.

"నల్ల గొడుగయ్యా. అదిగో, కనపడుతూనే ఉంది."

"నల్ల గొడుగులు పదకొండున్నాయి సార్. మీదానికి గుర్తేంటి?"

"నేను స్టేషన్ మాస్టర్ని. అది చాలదా?"

"అది మీ గుర్తు సార్. నేను గొడుగు గుర్తు అడుగుతున్నా."

ఆయన వానలో తడుస్తూ ఇంటికి వెళ్లారు. మర్నాడు వాళ్లావిడ వచ్చి, మూడో పుల్ల దగ్గర నీలం దారంతో తనే కుట్టానని చెప్పి పట్టుకుపోయింది. ఆ ఏడాది బావకి రావలసిన ప్రమోషన్ ఇప్పటికీ దారిలోనే ఉంది. బావ దాని గురించి ఒక్క మాట అనలేదు. అతని తరఫున నెల రోజులు నేనే తిట్టాను. పక్కనే ఉన్న టికెట్ కిటికీ నాది. నాకు నోరెక్కువని ఊరంతా అంటుంది. ఊరు చెప్పే నిజాల్లో అదొకటి.

బావ అంటే మా వదిన తమ్ముడు. నన్నూ అతను బావా అనే పిలుస్తాడు. అన్నయ్య పోయాక వదినా, బావా కింది వాటాలో ఉండేవాళ్లు. నేనూ నా భార్యా పై వాటాలో ఉంటాం. వదిన ముప్పై ఏళ్లు కాన్పుల ఆసుపత్రిలో, పసిపిల్లల వార్డులో ఆయాగా పనిచేసింది. అక్కడ అలవాటైన గుసగుస ఇంటికీ వచ్చేసింది. నవ్వినా గుసగుసే, తిట్టినా గుసగుసే. కూరలవాడితో బేరం కూడా గుసగుసగానే ఆడేది. వాడు నాలుగుసార్లు "ఏంటమ్మా?" అని అడిగి, విసుగొచ్చి తగ్గించి ఇచ్చేసేవాడు. నేను మెట్ల తలుపు ధడాలున వేసినప్పుడల్లా కింద నుంచి వినపడేది.

"నెమ్మది మరిదీ! పసిపిల్లలు పడుకున్నారు."

ఇంట్లో పసిపిల్లలన్నవాళ్లే లేరు. ఆవిడ రిటైరై అప్పటికే ఆరేళ్లు. "ఎక్కడ వదినా పిల్లలు?" అని వెక్కిరిస్తే, "ఎక్కడో ఒకచోట పడుకునే ఉంటారుగా" అనేది.

రోజూ ఒంటిగంటకి బావకి క్యారేజీ తెచ్చేది. ఆ మంగళవారం కూడా తెస్తోంది. రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద ఎవరో వదిలి వెళ్లిన సంచిలో బాంబు పేలింది. పంతొమ్మిది మంది పోయారు. వదిన వంతెన మెట్లు దిగుతోందట. జన్మంతా చప్పుడు పడని మనిషి అంత చప్పుడులో పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇది రాస్తుంటే మళ్లీ వస్తోంది.

ప్లాట్‌ఫారం మీద దొరికినవన్నీ తట్టలతో తెచ్చి బావ గదిలో పోశారు. చెప్పులు, కళ్లజోళ్లు, సంచులు, ఒక చేతికర్ర, మొత్తం నూట నలభై మూడు. దహనమైన మర్నాడే బావ వచ్చి కూర్చున్నాడు. ఒక్కోటీ తుడిచి, తిప్పి చూసి, గుర్తులు రిజిస్టరులో రాసుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం నన్ను పిలిచాడు. బల్ల మీద వదిన క్యారేజీ ఉంది.

"బావా, నన్ను గుర్తులడుగు" అన్నాడు.

"నీకు పిచ్చా? అది వదినదని నాకు తెలీదా?"

"రూలు రూలే. నువ్వు అడుగు."

అడిగాను. బావ క్యారేజీ వైపు చూడకుండా, గోడ చూస్తూ చెప్పాడు. "మూడు గిన్నెలు. పైమూత సొట్ట, నేను ఆరో తరగతిలో పడేసింది. రెండో గిన్నె అడుగున అక్క పేరు ఉంటుంది. మేకుతో నేనే చెక్కాను, చివరి అక్షరం వంకర పోయింది."

గిన్నె తిరగేసి చూశాను. చివరి అక్షరం వంకరగానే ఉంది. రిజిస్టరులో సంతకం పెట్టి క్యారేజీ తీసుకుని, బల్ల మీద తల వాల్చేశాడు.

ఈలోగా ఊరు యుద్ధానికి బయలుదేరింది. చేసినవాళ్లు పక్క దేశంవాళ్లని టీవీ చెప్పింది. టీవీకి ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే ఊరు మాది. మంగలి షాపులో సగం గెడ్డం మీద కత్తి ఆపి సైన్యాన్ని సరిహద్దు దాటించేవాళ్లు. టీ కొట్టాయన బిస్కెట్లు పేర్చి శత్రువు రాజధానిని పట్టుకునేవాడు, ఆ బిస్కెట్లే మళ్లీ గిరాకీలకి అమ్మేవాడు. మా పై వాటాలో నేను ఒక్కణ్నే రెండు నగరాలు నేలమట్టం చేశాను. అబద్ధమెందుకు, అలా అరుస్తున్నంతసేపూ వదిన లేదన్న సంగతి గుర్తొచ్చేది కాదు. ఆ సుఖం కోసమే అరిచాననుకుంటాను.

వీళ్లందరికీ నాయకుడు మైకు పెద్దాయన. ఆయనది ఫర్నిచర్ షాపు. సొంత మైకు సెట్టు ఉంది గనక ఊళ్లో ఏ సభ అయినా ఆయనే అధ్యక్షుడు. షాపులోనే, ప్లాస్టిక్ కవర్లు తియ్యని సోఫాల మధ్య, ప్రతీకార సమితి వెలిసింది. పైనుంచి ఒక పథకం కూడా తెచ్చాడు. పేరు నామాంకిత నివాళి. పోయిన పంతొమ్మిది మందికి పంతొమ్మిది బాంబులు, ఒక్కోదాని మీద ఒక్కొక్కరి పేరు. పేలుడు జరిగిన మూడో వారం శుక్రవారం విమానాలు పట్టుకెళ్లి పక్క దేశం మీద వేస్తాయి. ఇంటివాళ్లు ఫారం మీద సంతకం పెడితే చాలు.

నేను పెట్టాను. సోఫాలో కూర్చుంటే కింద ప్లాస్టిక్ కిర్రుమంది. మిగతా పద్దెనిమిది ఇళ్లూ సంతకాలు పెట్టేశాయి, మీదొక్కటే మిగిలిందన్నాడు మైకు పెద్దాయన. అందరిళ్లలోనూ ఆ మాటే చెప్పాడని తర్వాత తెలిసింది. మృతురాలికి ఏమవుతారు అన్నచోట మరిది అని రాసి, నల్ల సిరాతో సంతకం గీకాను. సాక్షి సంతకం మంగలిది. బావకి చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం చాలలేదు, రెండు నగరాలు కూల్చినవాడికి.

బావ వేరే పనిలో ఉన్నాడు. నూట నలభై మూడులో ఒక్కటి తప్ప అన్నిటికీ సొంతదారులో, వాళ్ల తాలూకువాళ్లో వచ్చి గుర్తులు చెప్పి తీసుకెళ్లారు. మిగిలింది ఒక సంచి పట్టీ. కాలిన తోలు. కుర్చీలల్లే ప్లాస్టిక్ వైరుతో ఒకచోట అతుకు వేసి ఉంది. ఎవరూ అడగడానికి రాలేదంటే అది బాంబు సంచిదేనని బావ అనుమానం. దాన్ని కాగితంలో చుట్టుకుని దర్యాప్తు ఆఫీసరు దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాడు. నాలుగోసారి నేనూ తోడు వెళ్లాను. ఆఫీసరు టీవీలో విమానాలు చూస్తున్నాడు.

"ఇంకా కేసెందుకండీ, బాంబులు వెయ్యబోతుంటే?"

"మరి చేసినవాళ్లు, సార్?"

"పైనుంచి వేస్తే అందరికీ తగుల్తుంది లెండి. అందులో వాళ్లూ ఉంటారు."

బావ పట్టీని మళ్లీ కాగితంలో చుట్టుకున్నాడు. దారిలో ఒకే మాట అన్నాడు. "ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టడం విన్నాను బావా. ఇదేంటి, పక్కవాడిల్లు తగలబెడుతున్నారు?" నేను చెప్పు పట్టీ సర్దుకున్నట్టు నటించాను.

విమానాలు వెళ్లే వారం, బుధవారం సాయంత్రం స్టేషన్ ముందు పెద్ద సభ. పోయినవాళ్ల పేర్లను ఇంటివాళ్లే వేదిక మీద అప్పగించాలట. బావని చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్లారు. మైకు పెద్దాయన మైకు ఇచ్చాడు. ఆయన జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అది.

బావ గొంతు తగ్గించే మాట్లాడాడు. "అయ్యా, బాంబు కూడా సామానే కదా. ఎవరికి ఇస్తున్నారో చెప్పండి."

"శత్రువుకి!" అన్నాడు మైకు పెద్దాయన. జనం హోరెత్తారు.

"శత్రువంటే నల్ల గొడుగు అన్నట్టుంది. గుర్తులు చెప్పండి. చేసినవాళ్లెవరు? ఏ వీధిలో ఉంటారు? వాళ్ల పక్కింట్లో ఎవరుంటారు?"

"ఇలాంటి ప్రశ్నలు శత్రువే అడుగుతాడు!"

ఎవరో చెప్పు విసిరారు. బావ వంగి తీసి, తిప్పి చూశాడు. "ఎడమకాలిది. మడమ దగ్గర అరిగింది. ఎవరిదో రేపు గదికొచ్చి గుర్తులు చెప్పి తీసుకెళ్లండి." ఒకళ్లిద్దరు నవ్వారు. బావ నవ్వలేదు.

"నాకు కోపం లేదనుకోకండి. అక్క నన్ను పెంచింది. వాళ్లని పట్టుకోండి. కోర్టులో నిలబెట్టండి. ఎందుకు చంపారో నా ఎదురుగా చెప్పించండి. జన్మంతా జైల్లో పెట్టినా సరే. నాకు వాళ్లే కావాలి. వాళ్లకి బదులు ఇంకొకళ్లు వద్దు. మా అక్క పేరు నేనివ్వను."

మైకు పెద్దాయన కోటు జేబులోంచి కాగితం తీశాడు. "నీ అనుమతి ఎవరిక్కావాలయ్యా? మీ ఇంటివాళ్లే ఇచ్చారు!" అని నా సంతకం సంగతి చదివేశాడు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనుకుంటూ కింద జనంలో నిలబడి ఉన్నాను నేను. ప్రతీకారం అని రాసిన గుడ్డకి ఎడమ కర్ర నా చేతిలోనే ఉంది. బావ నా వైపు చూశాడు. తిట్టలేదు. వేదిక దిగి ఇంటికి వెళ్లిపోయాడు, ఆ చెప్పు చేత్తో పట్టుకుని.

గురువారం పొద్దున్నే బావ గది ముందు నిలబడ్డాను. అతను నన్ను అందరినీ అడిగినట్టే అడిగాడు.

"ఏం పోయింది?"

"కాగితం."

"గుర్తులు?"

"పసుపురంగు ఫారం. మధ్యలో వదిన పేరు. కింద నల్ల సిరా సంతకం." అతని పెన్ను వైపు చూస్తూ చెప్పాను. "సంతకం నాది."

రిజిస్టరులో నెమ్మదిగా రాసుకున్నాడు. రాసి, పెన్ను మూత పెట్టాడు. "ఈ గదికి రాలేదు బావా. ఎక్కడ పోగొట్టుకున్నావో నీకు తెలుసు. ఫారాలు పట్టుకెళ్లే వ్యాను మధ్యాహ్నం వెళ్లిపోతుంది."

టికెట్ కిటికీ మూసేసి ఫర్నిచర్ షాపుకి పరిగెత్తాను. పది మంది ఉన్నారు. ఫారాలు కవరులో పెట్టి లక్క సీలు వెయ్యబోతున్నారు. దారంతా చెయ్యాల్సిన గొడవ కూడబలుక్కుంటూ వచ్చాను. నా నోరు సంగతి అందరికీ తెలుసు గనక మంగలి ముందే రెండడుగులు వెనక్కి వేశాడు. తీరా చూస్తే నాకు గొంతు పెగల్లేదు. వచ్చింది గుసగుస.

"నా ఫారం ఇచ్చెయ్యండి."

"ఏంటి? గట్టిగా చెప్పు!" అన్నాడు మైకు పెద్దాయన.

"గట్టిగా చెప్పను. పసిపిల్లలు పడుకున్నారు."

ఆయన షాపంతా చూశాడు. సోఫాలు, బీరువాలు, ఖాళీ మంచాలు. "ఎక్కడయ్యా పిల్లలు?"

"అక్కడ. మీరు వెయ్యబోయే చోట."

కవరులో చెయ్యి పెట్టి నా ఫారం నేనే వెతుక్కున్నాను. ఆయన ఆపలేదు. తలుపు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి ద్రోహి అన్నమాట వినపడింది. అది కూడా ఎందుకో కాస్త తక్కువ గొంతుతోనే అన్నారు.

శుక్రవారం విమానాలు వెళ్లాయి. పద్దెనిమిదింటి మీద పేర్లున్నాయి, ఒకటి బోసిగా ఉంది. దాన్నీ వేశారు. నా కాగితంతో వదిన పేరొక్కటే వెనక్కి వచ్చింది, బాంబు రాలేదు. ఎక్కడ పడ్డాయో, ఎవరి మీద పడ్డాయో టీవీ గుర్తులు చెప్పలేదు. టీ కొట్టు దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు.

నెల తర్వాత కొత్త ఆఫీసరు వచ్చి, ఆ పట్టీని రసీదు రాసిచ్చి మరీ తీసుకున్నాడు. వైరును బట్టి కుర్చీలల్లేవాణ్ని పట్టుకుంటే, పట్టీకి అతుకు వేయించుకున్న ఇద్దరూ దొరికారు. మన దేశంవాళ్లే. మా స్టేషన్‌కి మూడు వీధుల అవతల అద్దెకుంటున్నారు. ఆ వార్త చూశాక మంగలి షాపులో టీవీ పాటలకి మార్చారు.

కేసు నడుస్తోంది. వాయిదా ఉన్న రోజు బావా, నేనూ సెలవు పెట్టి వెళ్తాం. ఆ ఇద్దరినీ చూస్తే నాకు ఇప్పటికీ నోటినిండా తిట్లు వస్తాయి. బావ మాత్రం సాక్షులు చెప్పేది చెవి ఒగ్గి వింటాడు, గుర్తులు సరిపోతున్నాయో లేదోనని. మొన్న వాయిదాకి, బాంబుల మీద పేర్లు వెళ్లిన ఆ పద్దెనిమిది మందిలో ఒకరి తల్లి వచ్చి మా పక్కన కూర్చుంది. బావని అడిగింది.

"బాబూ, మా అబ్బాయి పేరు ఎక్కడ పడిందో మీ గదిలో ఏమైనా తెలుస్తుందా?"

ఎవరు ఏం పోగొట్టుకుని వచ్చినా గుర్తులడిగే మనిషి, ఆవిడని మాత్రం ఏమీ అడగలేకపోయాడు.