తాతయ్య చొక్కా చెయ్యి, అమ్మమ్మ మెమరీ

వీధిలో అందరికీ బట్టలు కుట్టిన మా అమ్మమ్మ ఇప్పుడు కంప్యూటర్ మీద పడింది. దాని మెమరీని, తయారుచేసినవాళ్లు చెప్పిన దానికన్నా వేగంగా పరుగెత్తించాలని ఆవిడ పంతం. అందుకు మదర్‌బోర్డులో వోల్టేజీ రవ్వంత పెంచాలి. చాలకపోతే మెమరీ తప్పులు చేస్తుంది, ఎక్కువైతే వేడెక్కి తప్పులు చేస్తుంది. గారాబం విషయంలో నేనూ అంతే.

ఆ కంప్యూటర్ కుట్టుబల్ల మీద తిష్ఠ వేసింది. తాతయ్యకేమో పేకాటకు ఆ బల్ల కావాలి.

"సాయంత్రానికి నీ మెమరీ పరీక్ష తప్పుల్లేకుండా ముగియకపోతే బల్ల నాది" అన్నాడు.

"ముగిస్తే మళ్లీ బల్ల ఊసెత్తకూడదు మరి!" అంది అమ్మమ్మ.

పొద్దున అంతా బాగానే నడిచింది. మధ్యాహ్నానికి తెర నిండా తప్పులు. అమ్మమ్మ వోల్టేజీ కాస్త పెంచింది. తప్పులు ఇంకా పెరిగాయి.

"బిగుతైందని కుట్టు వదులు చేస్తుంటే ఇంకా చిరుగుతోందేంటే?" అని నన్నడిగింది.

నేను తాతయ్యను చూపించాను. మెమరీకి గాలి కొట్టాల్సిన ఫ్యానును తనవైపు తిప్పుకుని ఆయన గురక పెడుతున్నాడు.

అమ్మమ్మ వోల్టేజీ తగ్గించింది, ఫ్యానును ఇటు తిప్పింది. అది మళ్లీ కదలకుండా, కొక్కేనికి తగిలించిన తాతయ్య చొక్కా చెయ్యి కత్తిరించి ఫ్యానుకూ కంప్యూటరుకూ మధ్య గొట్టంలా బిగించి కుట్టేసింది.

సాయంత్రం ఒక్క తప్పూ లేకుండా పరీక్ష ముగిసింది. తాతయ్య చెమటలు కక్కుతూ లేచాడు.

"ఇది నా చొక్కా కదే!"

"అవునండీ. రెండో చెయ్యి జాగ్రత్తగా ఉంచండి, రేపు ప్రాసెసరుకు కావాలి."